బల్ల మీదికి చేరినవాళ్లు

3 జనవరి 2025, శుక్రవారం

అక్క రమ్మంటే సాయంత్రం వాళ్ల ఊరికి పోయినాను. బావ వసారాలో మంచం మీద కూర్చుని మోచేతులు గోక్కుంటున్నాడు. వెలుతురులోకి పిలిచి కింది రెప్ప లాగి చూస్తే పచ్చగా ఉంది. మూత్రం ముదురు రంగు, దొడ్డికి పోతే తెల్లగా పాలిపోయి వస్తోందట. పంచె నడుముకు నిలవడం లేదని అక్క గోల. ఆయన మాత్రం ధీమాగా ఉన్నాడు. "నొప్పే లేదు గదా బామ్మర్దీ, ఇంగ రోగమేంది?"

నాకు భయమేసింది ఆ మాటకే. ఇంటర్ పిల్లలకు బోర్డు మీద ఏళ్ల తరబడి గీసిన బొమ్మ ఇది. కాలేయం నుంచి పైత్యరస వాహిక దిగుతుంది, క్లోమం నుంచి ఇంకో వాహిక వచ్చి దాంతో కలుస్తుంది, రెండూ ఒకే రంధ్రంలోంచి ఆంత్రమూలంలోకి తెరుచుకుంటాయి. ఆ చోటికి వేటర్ ఆంపుల్లా అని పేరు. 1720లో దాన్ని వర్ణించిన జర్మన్ ఆయన పేరే పెట్టినారు. అది మూసుకుంటే పైత్యం పేగులోకి దిగదు, అందుకే మలానికి రంగు ఉండదు. దిగనిది రక్తంలోకి ఎక్కుతుంది, కండ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా నవ. రాయి అడ్డుపడితే చాలావరకు నొప్పి ఉంటుంది. నొప్పి లేని కామెర్లంటే ఇంకేదో మెల్లగా నొక్కుతోందని అనుమానించాలి. బోర్డు మీద గీసినప్పుడు ఈ సంగతి పరీక్షలో రెండు మార్కులకు మించి ఎవరికీ పనికిరాలేదు.

రాత్రి మేనల్లుడికి ఫోన్ చేసినాను. సర్జరీ పీజీ చేస్తున్నాడు, వాడి నాయన సంగతి వాడికి నేనే చెప్పాల్సి వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత డాక్టరు గొంతుతో అడిగినాడు: "మామా, నాయనకు షుగరు ఎప్పుడు బయటపడింది?" పోయిన వానకాలం క్యాంపులో. "వాళ్లమ్మకు, నాయనకు ఉండిందా?" లేదు. అమెరికాలో సురేశ్ చారి అనే వైద్యుడి బృందం 2005లో అచ్చేసిన లెక్క ఒకటి చెప్పినాడు. యాభై దాటినాక కొత్తగా షుగరు వచ్చిన 2,122 మందిని వెనక్కి వెతికితే మూడేండ్లలోపు 18 మందికి క్లోమ క్యాన్సర్ తేలిందట. నూటికి ఒక్కరు కూడా లేరు. షుగరు వచ్చిన ప్రతివాడూ బెదిరిపోవాల్సిన పని లేదు, కానీ షుగరు వస్తూనే మనిషి చిక్కిపోతుంటే మాత్రం ఒక స్కాన్ తీయించాలి అన్నాడు. మా ఊళ్లో షుగరుకు మాత్ర రాసేవాళ్లలో బరువు అడిగేవాళ్లు ఎందరో!

5 జనవరి, ఆదివారం

స్కాన్‌కు పోదామంటే ఇంటినిండా చుట్టాలు. ఆదివారం పరగడుపున పసరు పోస్తారని, మూడు వారాలు పోయించుకుంటే కామెర్లు ఎంత ముదిరినా దిగుతాయని పెద్దమనుషుల పంచాయితీ. ఒకాయన తన కొడుక్కు తగ్గిన సంగతి తేదీలతో సహా చెప్పినాడు. ఆయన అబద్ధమాడలేదు. నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే పోతుంది, పసరు తాగినా తాగకున్నా. పసరు పోసే ఆయన లెక్కలో బాగైనవాళ్లే ఉంటారు. బాగుకానివాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు, ఆయనకు వాళ్ల సంగతే తెలియదు.

మధ్యాహ్నం అక్కే తేల్చింది: "పసరు యాడికీ పోదు, ముందు స్కానింగుకు పదండి." ప్రొద్దుటూరులో అల్ట్రాసౌండ్. పైత్యరస వాహిక ఉబ్బింది, పిత్తాశయం నిండి ఉబ్బింది, రాయి లేదు.

9 జనవరి, గురువారం

సీటీ వచ్చింది. క్లోమం తల, ఆంపుల్లా కలిసే చోట గడ్డ, రెండు సెంటీమీటర్ల లోపే. పుట్టింది ఆంపుల్లాలోనా, క్లోమంలోనా అనేది ఫిల్ము చూసి చెప్పలేమన్నారు. కోసి తీసినాక బయాప్సీనే చెప్పాలి. పక్కనున్న పెద్ద రక్తనాళాలకు అంటలేదు, కాలేయంలో మచ్చలు లేవు. "ఆపరేషన్‌కు దొరికింది మామా," అన్నాడు అల్లుడు. దొరకడమంటే ఏందో తర్వాత తెలిసింది. క్లోమ క్యాన్సర్ బయటపడేనాటికి నూటికి పదిహేను ఇరవై మందికే అది కోసి తీయగలిగే స్థితిలో ఉంటుందట. బావకు గడ్డ ఆ రంధ్రం దగ్గర్నే ఉండబట్టి తొందరగా పచ్చబడినాడు. తోక వైపు వచ్చినవాడికి ఆ పచ్చదనం కూడా రాదు.

వాడు పంపిన పాత పత్రం గురించి రాసిపెట్టుకోవాలి. 1935, అన్నల్స్ ఆఫ్ సర్జరీ. న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్, ఇంకో ఇద్దరు. విషయం సరిగ్గా ఇదే, ఆంపుల్లా క్యాన్సర్. ముగ్గురంటే ముగ్గురు రోగులు. ఆపరేషన్ రెండు విడతలు, ఎందుకంటే కామెర్లున్న మనిషిని కోస్తే నెత్తురు గడ్డకట్టదు. మొదట పైత్యానికి దారి మళ్లించి, మనిషి కోలుకున్నాక గడ్డ తీసేవాళ్లు. మొదటి రోగి నిలవలేదు. మిగతా ఇద్దరు కొంతకాలం బతికినారు. ముగ్గురి మీద రాసిన ఆ పత్రంతోనే విపుల్ పేరు తొంభై ఏండ్లుగా ఆపరేషన్‌కు నిలిచిపోయింది. విపుల్ కన్నా చాలా ముందు, 1909లోనే, జర్మనీలో కౌష్ ఇట్లాంటిది చేసినాడు. ఆయన పేరు సర్జన్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. నెత్తురు గడ్డకట్టించే విటమిన్-కె చేతికి వచ్చినాక 1940లో విపుల్ ఒకే విడతలో చేసినాడు. జీవితం మొత్తంలో ఆయన చేసినవి 37. ఇప్పుడు పెద్ద ఆస్పత్రిలో ఒక సర్జన్‌కు ఏడాదిలో వచ్చేవే అన్ని ఉంటాయేమో.

14 జనవరి, మంగళవారం, సంక్రాంతి

పండగ పూట అక్క ఓళిగలు చేసింది, బావ ఒకటి కూడా ముట్టలేదు. టీవీలో పసుపు బోర్డు ప్రారంభం, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లో. బావకు కోపం వచ్చింది: "వ్యవసాయం పుస్తకాల్లో మన మైదుకూరు పేరుతోనే ఒక పసుపు రకం ఉంది, బోర్డేమో ఆడ పెడ్తారు." ఆ మాట నిజమే. దుగ్గిరాల, టేకూరుపేటలతో పాటు మైదుకూరు అని ఒక దీర్ఘకాలిక రకం ఉంది. ఆయన కోపం చూసి అక్క సంతోషపడింది, మనిషిలో సత్తువుందని.

పండగకొచ్చిన ఒక చుట్టం ఫోన్ తీసి చూపించినాడు. పసుపులోని కుర్కుమిన్ క్లోమ క్యాన్సర్‌ను కరిగిస్తుందని, అమెరికాలో పరిశోధన జరిగిందని. జరిగింది, అబద్ధం కాదు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్‌లో చేసిన ఆ పరీక్ష 2008లో అచ్చయింది. చేర్చుకున్నది 25 మందిని, అందరికీ జబ్బు ముదిరిందే. లెక్కకు నిలిచినవాళ్లు 21. రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ మింగించినారు. ఒకాయనకు ఏడాదిన్నర పైగా జబ్బు పెరక్కుండా ఉండిపోయింది. ఇంకొకరికి గడ్డ బాగా తగ్గి, కొద్దిరోజులకే మళ్లీ లేచింది. మిగతావాళ్లకు చెప్పుకోదగ్గ మేలు లేదు. మందు తీసుకోనివాళ్లతో పోలిక లేనే లేదు. మింగినంతలో రక్తంలోకి చేరింది లేశమే. చుట్టం ఫోన్లో ఆ ఒక్కాయన మాత్రమే ఉన్నాడు.

బావ పక్కనే కూర్చుని లెక్క వేసినాను. పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే ఎనిమిది గ్రాములకు రోజూ పావు కిలో పైగా పసుపు తినాలి. ఆయన నవ్వినాడు, "పంట ఇంట్లోనే అయిపోతాది."

అంతటితో ఆగలేదు. ఆ కుర్కుమిన్ పరిశోధనకు పెద్దపేరైన భరత్ అగర్వాల్ పత్రాల్లో పాతికకు పైగా, బొమ్మల్లో తేడాలున్నాయని, జర్నళ్లు తర్వాత వెనక్కి తీసుకున్నాయి. పసుపు బిళ్లలు మింగి కాలేయం దెబ్బతిన్న పదిమంది సంగతి అమెరికా కాలేయ నిపుణులు 2022లో రాసినారు, అందులో ఒకరు చనిపోయినారు. కూరలో వేసుకునే పసుపు వేరు, డబ్బాలో అమ్మే గాఢమైన బిళ్ల వేరు. ఇదంతా చుట్టానికి చెప్తే పండగపూట వాదన ఎందుకని అక్క కసిరింది.

17 జనవరి, శుక్రవారం

కామెర్ల కొలత బిలిరుబిన్ 19.2. ముందు స్టెంటు వేసి పైత్యం దించాలా, నేరుగా ఆపరేషన్‌కు పోవాలా అని అల్లుడికీ వాడి సీనియర్‌కూ ఫోన్లో చర్చ. డచ్చి సర్జన్లు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేసిన పరీక్ష వాడికి కంఠస్థం. 202 మంది. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో పెద్ద చిక్కులు నూటికి 39 మందికి, ముందు స్టెంటు వేసినవాళ్లలో 74 మందికి. ఇంకేముంది, స్టెంటు వద్దన్నమాట, అన్నాను.

"ఆగు మామా. వాళ్లు తీసుకున్నది బిలిరుబిన్ 14.6 లోపు ఉన్నవాళ్లను. నాయన అందులో లేడు."

ఇన్నాళ్లూ పత్రం చదవడమంటే చివర ఫలితం చదవడమే అనుకునేవాణ్ని. సర్జన్లు ముందు చూసేది ఎవర్ని లోపలికి రానిచ్చినారు, ఎవర్ని గడప బయట నిలబెట్టినారు అని. ఫలితం ఎంత గొప్పదైనా గడప బయటున్నవాడికి అది నేరుగా వర్తించదు. స్టెంటు వేయించాలని తేలింది. తర్వాత నాలుగైదు వారాలు ఆగి ఆపరేషన్.

22 జనవరి, బుధవారం

నాలుగు రోడ్ల కూడలి దగ్గర పాత స్నేహితుడు కనబడినాడు, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనాడు. కడుపు ఉబ్బి మనిషి నల్లబడినాడు. ఆయనది కాలేయ క్యాన్సర్. హెపటైటిస్-బి ఎప్పటినుంచో ఉందట, క్యాంపులో రక్తం తీసేదాకా తెలియదు. గడ్డ ఏడు సెంటీమీటర్లు. కాలేయ మార్పిడి గురించి అడిగితే కుదరదన్నారట.

ఎందుకు కుదరదో చూసినాను. మిలాన్ నగరంలో మజ్జాఫెర్రో అనే సర్జన్ 1996లో రాసిన పత్రం. ఒకే గడ్డ ఐదు సెంటీమీటర్ల లోపు, లేదా మూడు దాకా గడ్డలు ఒక్కొక్కటి మూడు లోపు, ఇట్లాంటివాళ్లకు మాత్రమే మార్పిడి చేస్తే నాలుగేండ్లకు నూటికి 75 మంది బతికున్నారు. అంతకుముందు గడ్డ ఎంతున్నా మార్చి, జబ్బు మళ్లీ తిరగబెట్టి, దాతలిచ్చిన కాలేయాలు వృథా అయ్యేవి. ఆ మిలాన్ రోగులు 48 మంది. ఆ నలభై ఎనిమిది మంది గీసిన గీత మైదుకూరు కండక్టరు దాకా వచ్చింది. గీత న్యాయమైనదే, ఇవ్వడానికి కాలేయాలు లేనప్పుడు ఏదో ఒక గీత గీయాల్సిందే. ఐదు దాటినవాళ్లకు కూడా చేయొచ్చని తర్వాత ఇంకొందరు గీతను కొంచెం జరిపినారు. ఆయన ఏడు అందులో కూడా పట్టదు.

ఆయనతో టీ తాగుతూ వేరే మాటలు మాట్లాడినాను. ఇంటికొచ్చినాక మాత్రం కోపం ఆపుకోలేకపోయినాను, ఎవరి మీదో తెలియదు. ఈ జబ్బును సర్జన్ దాకా రానివ్వకుండా ఆపే దారి ఉంది. తైవాన్‌లో 1984 నుంచి పుట్టిన బిడ్డలకు హెపటైటిస్-బి టీకా వేసినారు. పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు పడిపోయిందని 1997లో రాసినారు. క్యాన్సర్‌ను టీకాతో ఆపొచ్చని అంత స్పష్టంగా చూపించిన మొదటి లెక్క అదే. అదే ఏడాది హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి విడుదల చేసింది. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి నెల్లూరు జిల్లా మనిషి. దిగుమతి టీకా వందల రూపాయలున్న రోజుల్లో అది సామాన్యుడి చేతికి అందే ధరకు దిగింది. మా కండక్టరు పుట్టేనాటికి ఆ వైరస్‌నే ఎవరూ కనిపెట్టలేదు.

ఈ జబ్బుకు ఇంకో కారణం మన చేలదే, శెనక్కాయల బూజు. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన శెనక్కాయ చెక్కలోని బూజు విషం, అఫ్లటాక్సిన్ అని తేలింది. గింజకట్టే కాలంలో వాన ముఖం చాటేస్తే, పీకినాక తడి ఆరకుండా కుప్ప వేస్తే, ఆ బూజు పడుతుంది. రాయలసీమలో ఈ రెండూ జరగని ఏడాది తక్కువ. షాంఘైలో పద్దెనిమిది వేల మందిని గమనించి 1994లో రాసిన లెక్క భయపెట్టేది. అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు, హెపటైటిస్-బి ఒక్కటే ఉంటే 7.3 రెట్లు, రెండూ కలిస్తే 59.4 రెట్లు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్ష తయారుచేసినారు. రంగు మారిన, చేదెక్కిన కాయల్ని ఊరుబిండికి పక్కన పెట్టుకునే ఇళ్లు నాకు తెలుసు, మంచివి మార్కెట్టుకు పోతాయి కాబట్టి. అక్కకు చెప్పినాను. "చేదుంటే ఉమ్మేస్తాం లేరా" అన్నది. చేదు లేకున్నా విషముండొచ్చని మళ్లీ చెప్పినాను.

26 జనవరి, ఆదివారం

పద్మ అవార్డులు ప్రకటించినారు. నాగేశ్వర్ రెడ్డికి పద్మవిభూషణ్. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన మనిషి అని బావకు చెప్తే "అయితే మనోడే" అన్నాడు. స్టెంటు వేసినాక ఆయనకు నవ తగ్గింది, మాట కూడా పెరిగింది. నాగేశ్వర్ రెడ్డి సర్జన్ కాదు, ఎండోస్కోపీ ఆయన విద్య. బావకు గొట్టం వేసింది కూడా ఆ విద్యతోనే, కత్తి లేకుండా.

నాగేశ్వర్ రెడ్డి పేరున్న పత్రాల్లో నాకు నచ్చింది 2002 నాటిది, సీసీఎంబీలోని చందక్ బృందంతో కలిసి చేసింది. మన దేశంలో కల్లు, సారా ముట్టని చిన్నవయసు వాళ్లకు కూడా క్లోమంలో రాళ్లు పడే జబ్బుంది. కర్రపెండలం తినడం వల్లనని చాలాకాలం అనుకునేవాళ్లు. వీళ్లు జన్యువులు వెతికితే, స్పింక్-1 అనే జన్యువులో మార్పు ఆ రోగుల్లో ఎక్కువగా కనబడింది. క్లోమంలో పుట్టే జీర్ణరసం క్లోమాన్నే తినేయకుండా అడ్డుపడే ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ జన్యువే. ఈ రాళ్ల జబ్బున్నవాళ్లకు క్లోమ క్యాన్సర్ ముప్పు మామూలు మనుషుల కన్నా వంద రెట్లని మద్రాసు రోగుల మీద 1994లో రాసినారు. చూసింది 185 మందిని, చనిపోయిన 24 మందిలో ఆరుగురు క్లోమ క్యాన్సర్‌తోనే. సంఖ్య చిన్నదే. కానీ మన పక్క రాష్ట్రపు మనుషుల సంఖ్య.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఎక్కడ చేయించాలని ఇంట్లో తగువు. దగ్గర్లో చేయించుకుంటే చూసేవాళ్లుంటారని ఒక వర్గం. అల్లుడు అమెరికా లెక్క ఒకటి అందరికీ చదివి వినిపించినాడు. బర్క్‌మేయర్ అనే సర్జన్ 2002లో రాసింది. క్లోమం కోసే ఆపరేషన్లు ఏడాదికి ఒక్కటైనా సరిగా చేయని ఆస్పత్రుల్లో చనిపోయినవాళ్లు నూటికి 16 పైన. ఏడాదికి పదహారుకు మించి చేసేచోట 3.8. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, చేయి తిరగడం ఒక్కటే తేడా. చేయి అంటే సర్జన్ చేయి ఒక్కటే కాదు, రాత్రి రెండింటికి జ్వరం వస్తే సీటీకి పంపాలని తోచే నర్సుతో సహా.

నా మటుకు సర్జన్లు రాసిన అన్నిటిలో మైదుకూరుకు ఎక్కువ పనికొచ్చే పత్రం ఇదే. దాన్ని ఎవరూ ఫోన్లలో పంచరు. బావ పెద్ద మాటేమీ చెప్పలేదు. "ఏడాదికి ఎన్ని చేస్తారని అడిగితే కోప్పడతారేమో?" అన్నాడు. కోప్పడితే అక్కడ చేయించుకోవద్దు అన్నాడు కొడుకు. హైదరాబాద్ ఖాయమైంది.

24 ఫిబ్రవరి, సోమవారం, హైదరాబాద్

ఆరు గంటలకు పైగా పట్టింది. అయిపోయినాక ఒక డాక్టరమ్మ స్టీలు ట్రే పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి మా వాళ్లను పిలిచింది. అక్క పోలేదు, నేనూ అల్లుడూ పోయినాము. ఆంత్రమూలం మొత్తం, దాని వంపులో ఇమిడిన క్లోమం తల, పిత్తాశయం, వాహిక ముక్క, పొట్ట చివరి భాగం కొంచెం. చేతి తొడుగు వేలితో పేగు కోత తెరిచి చూపించింది. ఆంపుల్లా దగ్గర లేత గులాబీ రంగులో కొంచెం పైకి లేచిన గడ్డ, మధ్యలో పుండు. పక్కన స్టెంటు గొట్టం. ఇంత చిన్నదా అన్నాను. ఆమె ఏమీ అనలేదు, ట్రే మీద గుడ్డ కప్పి తీసుకుపోయింది.

పుస్తకంలో గీసే బొమ్మలో ఇవన్నీ విడివిడిగా, రంగు రంగుల్లో ఉంటాయి. నిజంలో ఒకదాన్నొకటి వదలవు, అన్నిటికీ నెత్తురు ఒకే నాళాల నుంచి వస్తుంది. సెంటీమీటరున్నర గడ్డ కోసం ఇంత తీయాల్సి రావడం అందుకే.

27 ఫిబ్రవరి, గురువారం

తీసేయడం కన్నా కలపడం కష్టమట. మూడు అతుకులు: పేగుకు క్లోమం, పేగుకు పైత్యవాహిక, పేగుకు పొట్ట. చివరి రెండూ మాట వింటాయి. బావ క్లోమం మెత్తగా ఉందట. గట్టిపడిన జబ్బు క్లోమమైతే కుట్టు నిలుస్తుంది, మెత్తని మంచి క్లోమానికి దారం బిగిస్తే వెన్నకు కుట్టు వేసినట్టే, తెగి రసం కారుతుంది. ఆ రసం కడుపులో తగిలినచోటల్లా తినేస్తుంది. అందుకే పక్కన గొట్టాలు పెట్టి మూడో రోజు ఆ నీళ్లలో క్లోమరసపు అమైలేజ్ చూస్తారు. రక్తంలో ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటితే కారుతున్నట్టు లెక్క. ఏది లీకు, ఏది కాదు అని ప్రపంచంలో సర్జన్లంతా ఒక కొలతకు ఒప్పుకున్నది 2005లో. అంతకుముందు ఎవరి లీకు వాళ్లది, ఎవరి పత్రంలో చూసినా తక్కువే!

ఈరోజు రిపోర్టు వచ్చింది. రెండు రెట్లు. గొట్టం ఇంకా ఉంచినారు. నిన్న శివరాత్రి జాగారం అక్క ఐసీయూ బయటి కుర్చీలోనే చేసింది.

2 మార్చి, ఆదివారం

ఆస్పత్రి క్యాంటీన్‌లో అల్లుడు ఇంకో కట్ట ఇచ్చినాడు. సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సర్జన్ వేణు పిల్లారిశెట్టివి. తెలుగు ఇంటిపేరు చూసి ముందు అదే తీసినాను. వారంలో కొన్ని రోజులు కాలేయం, క్లోమం కోసి, మిగతా రోజులు కోసిన ముక్కల్ని ప్రయోగశాలలో చదివే రకం. ఇట్లాంటి పత్రాల్లో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. ఈయన పేరు ఇప్పుడు చివర ఉంటుంది. 2004లో న్యూయార్క్‌లో ఇంకా నేర్చుకునే రోజుల్లో మొదట ఉండింది. ఆ పత్రం ఎలుకల కాలేయం మీద. కాలేయంలోని డెండ్రైటిక్ కణాలు ప్లీహంలోని వాటంత చురుగ్గా రోగనిరోధక కణాల్ని ఉసిగొల్పవని అందులో చూపించినాడు. పేగులో అరిగిన తిండి చాలావరకు మొదట కాలేయానికే వస్తుంది. వచ్చిన ప్రతిదాని మీదా యుద్ధానికి దిగితే మనిషి బతకడు, అందుకే ఓర్పు దాని తత్వం. ఆ ఓర్పే గడ్డకు కూడా చోటిస్తుంది.

తర్వాతి పనికి ఎలుకలు వద్దనుకున్నారు. ఆపరేషన్‌లో తీసిన క్లోమ గడ్డను పావు మిల్లీమీటరు మందాన పలుచగా కోసి, ఆ ముక్కల్ని పోషకద్రవంలో వారం దాకా బతికించినారు. గడ్డ కణాలే కాదు, వాటి చుట్టూ పెరిగిన నారు, చిక్కుకున్న రక్షక కణాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. క్లోమ క్యాన్సర్ మీద ఇమ్యునోథెరపీ ఎందుకు పారడం లేదో అందులో వెతికినారు. రక్షక టి-కణాలు లేక కాదు, ఉన్నాయి, కానీ గడ్డ కణాల దగ్గరికి పోవడం లేదు. 2019 నాటి పత్రంలో రెండు మందులు కలిపి వేసినారు. ఒకటి సీఎక్స్‌సీఆర్-4 అనే గ్రాహకాన్ని మూసేది, ఎముకమజ్జ మార్పిడిలో ఇప్పటికే వాడేదే. రెండోది టి-కణాలకు పగ్గం వేసే పీడీ-1ను అడ్డుకునేది. రెండూ కలిస్తే టి-కణాలు కదిలి గడ్డ కణాల దాకా పోయి వాటిని చంపడం ఆ ముక్కల్లో కనబడింది. 2023లో ఇదే పద్ధతి, పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన గడ్డల మీద. రక్షక కణాల్ని అణిచే ఇంటర్‌ల్యూకిన్-10ను అడ్డుకుంటే రక్షక కణాలు మేల్కొన్నాయి.

చదువుతుంటే ఉత్సాహమే. కానీ ఇక్కడ లోపలికి వచ్చినవాళ్లు ఎవరు? గడ్డ కోసి తీయగలిగినవాళ్లు. కోయడానికి దొరకని ఎనభై మంది గడ్డలో కణాలు ఇట్లాగే కదులుతాయా అని ఈ ముక్కలు చెప్పలేవు. ముక్కలో కనబడింది మనిషిలో జరగాలని కూడా లేదు, అది ఆ రాసినవాళ్లకే అందరికన్నా బాగా తెలుసు. ఆలోచిస్తే విపుల్ నుంచి వీళ్ల దాకా సర్జన్లు రాసినదంతా బల్ల మీదికి చేరినవాళ్ల కథే. మా వీధిలో పోయిన ఎండాకాలం ఒకామె తిండి మానేసి, నడుము నొప్పని పడుకుని, రెండు నెలల్లో పోయింది. స్కాన్ కూడా తీయలేదు. ఆమె ఏ పత్రంలోనూ లేదు. పత్రాల్లో బతికిన శాతాలు చదివేటప్పుడు ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి.

ఆపరేషన్‌కు ముందు ఇక్కడ కూడా ఒక కాగితం మీద సంతకం అడిగినారు, ముక్క కొంచెం పరిశోధనకు దాచుకోవచ్చా అని. బావ చదివించుకుని పెట్టినాడు. "ఎట్లన్నా తీసి పారేసేదే గదా. నాకు పనికిరాకున్నా ఎవురికన్నా పనికొస్తాది." ఆ ముక్క వాళ్ల ఫ్రీజర్‌లో ఉండాలి ఇప్పుడు.

15 మార్చి, శనివారం, మైదుకూరు

బయాప్సీ వచ్చింది. పుట్టింది ఆంపుల్లాలోనే, క్లోమంలో కాదు. అల్లుడి గొంతు అప్పుడు తేలికైంది, రెండింటిలో ఇది నయం. గడ్డ 1.6 సెంటీమీటర్లు, కోసిన అంచులు శుభ్రం. తీసిన లింఫ్ గ్రంథులు పదిహేడు, ఒకదానిలో ఉంది.

ఆ ఒక్కదాని వల్ల కీమో ప్రశ్న వచ్చింది. క్లోమ క్యాన్సర్‌కయితే వెనకాడే పనే లేదు, లెక్కలు గట్టిగా ఉన్నాయి. ఆంపుల్లాకు మాత్రం ఉన్న పెద్ద పరీక్ష ఒకటే, లివర్‌పూల్ సర్జన్ నియోప్టోలెమోస్ బృందం 2012లో రాసింది. ఆంపుల్లాతో పాటు దాని చుట్టుపక్కల పుట్టిన క్యాన్సర్లు కూడా కలిపి 428 మంది. కీమో లేనివాళ్లలో సగం మంది 35 నెలలు దాటి బతికినారు, తీసుకున్నవాళ్లలో సగం మంది 43 నెలలు దాటి. ఎనిమిది నెలల తేడా కనబడుతూనే ఉంది, కానీ లెక్కల శాస్త్రం ప్రకారం అది కాకతాళీయం కాదని చెప్పలేమన్నారు. తర్వాత వయసు, గడ్డ తీరు, గ్రంథులు వగైరా సరిచూసి మళ్లీ లెక్కిస్తే మేలు ఉందని తేలింది. ఒకే పత్రంలో రెండు జవాబులు. ఆంకాలజిస్టు రెండూ దాచకుండా చెప్పినాడు, అది నాకు నచ్చింది. గ్రంథిలో ఉంది కాబట్టి తానైతే ఇస్తానన్నాడు, ఆరు నెలలు.

బావ నన్నడిగినాడు. గడప మాట చెప్పినాను, ఈసారి నువ్వు లోపల ఉన్నవాడివే అని. కాసేపు ఆలోచించి, పసుపు ఉడకేసి ఆరబెట్టేది అయిపోనీ, ఆమీద మొదలు పెడదామన్నాడు. డాక్టరు ఇచ్చిన గడువులోనే వస్తుంది, సరేనన్నాను.

అక్క సందేహం వేరు. తిన్నది అరగడానికి క్లోమ ఎంజైముల గొట్టం మాత్రలు రాసినారు, ఖరీదు చూసి ఆమె గుండె గుభేలుమంది. జిడ్డు విరేచనాలు తగ్గాలంటే మానకూడదు. ముద్దకు ముందా, తిన్నాకనా అని అడిగింది. మొదటి ముద్దతోనే ఒకటి, సగం తిన్నాక ఇంకొకటి. సంగటిలోకి పప్పు వేసి పెట్టి, మాత్ర పళ్లెం అంచున ఉంచి ఆయన్ని పిలిచింది.